గుమ్మడి జావ నడిచొచ్చిన దారి

దసరా వెళ్ళాక వానలు వెనకపడతాయి. తెల్లవారుజామున కొండల మీద మంచు, మధ్యాహ్నానికి చురుక్కుమనే ఎండ. మా పాడేరు వైపు వలిసె చేలు పసుపుపచ్చగా విరగబూసే రోజులివే. ఇంటి కప్పు మీదికి, దడి మీదికి ఎగబాకిన గుమ్మడి పాదుల ఆకులు ఎండిపోయి, అంతవరకూ దాక్కున్న కాయలన్నీ ఒక్కసారిగా బయటపడతాయి. ఆ చలి పొద్దుల్లో పొయ్యి దగ్గర కూర్చుని తాగే గుమ్మడి జావ గురించే ఈ వ్యాసం. పట్నం హోటళ్ళలో దీన్ని సూప్ అంటున్నారు. మనం జావ అనే అందాం.

చరిత్ర వ్యాసాల పుస్తకంలో జావ ఏమిటని కొందరు ఉపాధ్యాయ మిత్రులు అడగవచ్చు. ఎందుకు రాస్తున్నామో ముందే చెబుతాము. కొన్నేళ్ళ కిందట మేము పనిచేసిన ఒక ఆశ్రమ పాఠశాలలో ఐదో తరగతి పిల్లలకు 'దసరా సెలవుల్లో మా ఇంట్లో ఏం తిన్నాం' అని పది వాక్యాలు రాయమన్నాము. పుస్తకాలు దిద్దుతుంటే అన్నింటిలోనూ ఇడ్లీ, పూరీ, కోడికూర. అంతమంది ఇళ్ళలో ఇడ్లీ ఎక్కడిది? ఒక పాప పుస్తకంలో మాత్రం 'గుమ్మడి జావ' అని రాసి, గీత కొట్టేసి, పక్కన 'ఉప్మా' అని ఉంది. గీత కింద అక్షరాలు చక్కగా కనిపిస్తున్నాయి.

"ఎందుకు కొట్టేశావమ్మా?" అని అడిగాము.

"అందరూ నవ్వుతారు సార్. అది అడివోళ్ళ తిండి అంటారు."

మేము ఆ పాపను ఏమీ అనలేకపోయాము. మేము హాస్టల్లో చదివిన రోజుల్లో సెలవులకు వెళ్ళొచ్చేటప్పుడు అమ్మ గుడ్డలో మూట కట్టి ఇచ్చిన వేయించిన గుమ్మడి గింజల్ని దారిలోనే తినేసేవాళ్ళం. హాస్టల్ గేటు దాటే ముందు ఆ గుడ్డ దులిపేసుకునేవాళ్ళం. కాబట్టి ఆ గీత మాకు కొత్తది కాదు. అయితే ఆ పాప చెప్పిన మాట మీద ఆలోచిస్తే అందులో నిజం ఉందనిపించింది. గుమ్మడి నిజంగానే ఆదివాసుల తిండి. కాకపోతే ఏ ఆదివాసుల తిండి, ఎక్కడి అడవి అన్నదే అసలు ప్రశ్న. దాన్ని వెతుక్కుంటూ పోతే మేము అనుకోనంత దూరం పోవలసి వచ్చింది.

ముందు పేర్ల సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే ఇక్కడే చాలామంది తడబడతారు. మన ఇళ్ళలో మూడు రకాల పెద్ద కాయలున్నాయి. ఒకటి ఆనపకాయ, తెలంగాణలో సొరకాయ అంటారు. ముదిరి ఎండితే బుర్ర అవుతుంది. మన పెద్దలు నీళ్ళూ, జీలుగు కల్లూ పట్టుకున్నది ఆ బుర్రలోనే. రెండోది బూడిద గుమ్మడి. వడియాలకూ, గుమ్మానికి దిష్టి కట్టడానికీ వాడేది. సంస్కృతంలో కూష్మాండం అన్నది దీన్నే. ఈ రెండూ మన వైపు ఎంతో పాతవి. మూడోది లోపల నారింజరంగు గుజ్జు ఉండే తియ్య గుమ్మడి. జావకు కావలసింది ఇదే. తీగ ఒకేలా పాకినా, ఆకు ఒకేలా కనిపించినా, ఈ మూడోదాని పుట్టుక వేరు. దీని చుట్టాలెవరూ పాత కాలంలో మన దేశంలో లేరు, ఆఫ్రికాలో లేరు, యూరప్‌లో కూడా లేరు. మొత్తం వంశమంతా అమెరికా ఖండాలది. పాత కాయకున్న పేరునే కొత్త కాయకూ పెట్టి, తియ్య అనో, మంచి అనో ఒక మాట ముందు తగిలించి మనవాళ్ళు దాన్ని ఇంట్లోకి తీసుకున్నారు.

అమెరికా అడవుల్లో పుట్టినప్పుడు ఈ కాయ తియ్యగా లేదు. గుప్పిట్లో పట్టేంత చిన్నది, నోట పెట్టలేనంత చేదు. ఆ చేదుకు చిన్న జంతువులేవీ దాని జోలికి పోయేవి కావు. ఆ కాలంలో అక్కడ మాస్టొడాన్ అనే, ఏనుగును పోలిన పెద్ద జంతువులు ఉండేవి. అవి మాత్రం తినేవి. ఫ్లోరిడాలో దొరికిన మాస్టొడాన్ పేడలో అడవి గుమ్మడి గింజలు కనిపించాయి. విప్ప గింజను ఏ జంతువు ఎక్కడ మోసుకుపోతుందో మన పిల్లలకు తెలుసు కాబట్టి ఈ సంగతి చెబితే వెంటనే పట్టుకుంటారు. తరవాత ఆ పెద్ద జంతువులు అంతరించాయి. గింజను మోసేవాళ్ళు లేక ఆ తీగ కూడా పోవలసిందే. అప్పటికే దాన్ని మనుషులు చేతిలోకి తీసుకున్నారు.

మెక్సికోలో ఓక్సాకా అనే కొండ ప్రాంతం ఉంది. ఇవాళ అక్కడ జాపోటెక్ ఆదివాసులు నివసిస్తున్నారు. ఆ కొండల్లో గిలా నకిట్జ్ అనే చిన్న గుహను 1966లో కెంట్ ఫ్లానరీ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వాడు. అందులో గుమ్మడి గింజలు, తొక్కల ముక్కలు, తొడిమలు దొరికాయి. ఆ గింజల వయసును కొత్త పద్ధతిలో మళ్ళీ లెక్కగట్టి బ్రూస్ స్మిత్ అనే శాస్త్రవేత్త 1997లో ప్రకటించాడు. దాదాపు 10,000 ఏళ్ళు! అదే గుహలో దొరికిన మొక్కజొన్న కంకి ముక్కలకు సుమారు 6,250 ఏళ్ళే. అంటే ఆ కొండల్లో మొక్కజొన్న కంటే వేల ఏళ్ళ ముందే గుమ్మడి మనిషి చేతి పంట అయింది. అడవి గింజ కంటే ఆ గింజలు పెద్దవి కావడంతో, అవి ఏరి దాచి మళ్ళీ నాటిన గింజలని తేల్చారు.

ఇక్కడ కాస్త ఆగాలి. ఏరి దాచి మళ్ళీ నాటడం అని ఒక్క ముక్కలో అనేశాము గానీ, ఆ పని ఎంతకాలం పట్టిందో ఆలోచించండి. మొదట్లో వాళ్ళు తిన్నది గుజ్జు కాదు, గింజలే అయివుంటాయని పరిశోధకులు అంటారు. చేదు గుజ్జు తీసేసి గింజలు కడిగి వేయించుకునేవారు. పెంకును గిన్నెగా వాడుకునేవారు. ఏదో ఒక పాదుకు కాస్త చేదు తగ్గిన కాయ కాసింది. ఎవరో దాన్ని నాలుకకు రాసి చూసి, ఆ గింజల్ని వేరే దాచారు. మరుసటి ఏడు మళ్ళీ అదే పని. వందల తరాలు ఇలా చేస్తే చేదు కాయ తియ్య కాయ అయింది. దీనికి రాజు పేరు లేదు, శాసనం లేదు, విశ్వవిద్యాలయం లేదు. నాలుకా, చేతులూ, జ్ఞాపకమూ ఉన్నాయి. 'ఆదివాసులకు వ్యవసాయం తెలియదు' అని ఎవరైనా అన్నప్పుడు మేము ఈ గుహ సంగతే చెబుతాము.

ఆ కాయ ఉత్తరానా దక్షిణానా రెండు ఖండాలూ పాకింది. ఇంగ్లీషులో 'స్క్వాష్' అనే మాట ఉంది కదా, అది ఇంగ్లీషు మాటే కాదు. అట్లాంటిక్ తీరాన ఉన్న నారగాన్‌సెట్ అనే ఆదివాసుల భాషలోని 'అస్కుటాస్క్వాష్' అన్న మాటను ఆంగ్లేయులు పలకలేక చివరి ముక్క పట్టుకున్నారు. పచ్చిగా తినేది అని దాని అర్థం. రోజర్ విలియమ్స్ 1643లో అచ్చువేసిన ఆ భాష పుస్తకంలో ఈ మాట ఉంది. మన ఊళ్ళ పేర్లూ వాగుల పేర్లూ రెవిన్యూ కాగితాల మీదికెక్కేసరికి ఎలా తిరిగాయో తెలిసినవాళ్ళకు ఇది వింతగా ఉండదు.

జావ సంగతి మాకు ఇంకా దూరాన, ఉత్తర అమెరికా మధ్యలో మిస్సోరి నది ఒడ్డున దొరికింది. అక్కడ హిడాట్సా అనే ఆదివాసులున్నారు. వాళ్ళలో 1839 ప్రాంతంలో పుట్టిన ఒక స్త్రీ ఉండేది. బఫెలో బర్డ్ ఉమన్ అని ఆమె పేరును ఇంగ్లీషులో రాస్తారు. గిల్బర్ట్ విల్సన్ అనే ఆయన ఆమె దగ్గర కూర్చుని సేద్యం గురించి అడిగి రాసుకున్నాడు. ఆమె తన భాషలోనే చెప్పింది, కొడుకు ఇంగ్లీషులోకి మార్చాడు. అది 1917లో పుస్తకంగా వచ్చింది. చదువుతుంటే పుస్తకం పక్కన పెట్టి, మా అమ్మ గాని చెప్పిందా ఏమిటి ఇది అనుకున్నాము.

వాళ్ళ ఊళ్ళో చేను ఆడవాళ్ళది. ఆమె అవ్వ పేరు తాబేలు. ఊరంతా ఇనుప పనిముట్లకు మారినా ఆ అవ్వ మాత్రం కర్రతోనూ, అడవి దున్న భుజం ఎముకతో చేసిన పారతోనూ పనిచేసేదట. చేనులో మంచె కట్టేవారు. మొక్కజొన్న పాలుపోసుకునే రోజుల్లో పిల్లలు, ఆడపిల్లలు ఆ మంచె మీద కూర్చుని కాకుల్ని తోలేవారు. అలా తోలుతూ పాటలు పాడేవారు. బిడ్డకు తల్లి పాడినట్టే పంటకు పాడాలని వాళ్ళ నమ్మకం. మన పోడులో సామ కంకి పట్టాక మంచె ఎక్కి చిలకల్ని తోలిన పిల్లలు ఈ పుస్తకం చదివేవాళ్ళలో ఎంతమంది లేరు! ఆ పాటలు మనకు మనమే మరిచిపోయాము, అది వేరే సంగతి.

గుమ్మడిని వాళ్ళు లేతగానే కోసేవారు. చక్రాల్లా తరిగి, విల్లో చెట్టు పుల్లలకు గుచ్చి, మంచె లాంటి పందిరి మీద ఎండబెట్టేవారు. ఎండిన ముక్కల్ని దండలు కట్టి, నేలలో తవ్విన గాదెల్లో దాచేవారు. పిందె కట్టని మగ పువ్వుల్ని కోసి వండుకునేవారు. గుమ్మడి పువ్వు కూర మనకూ ఉంది కాబట్టి దీని మీద ఎక్కువ చెప్పనక్కర్లేదు.

ఆమె చెప్పిన జావ ఇది. కుండలో నీళ్ళు పెట్టి దోసెడు చిక్కుడు గింజలు వెయ్యాలి. ఎండు గుమ్మడి దండ ఒకటి అందులో వెయ్యాలి. ముక్కలు ఉడికాక దండను పైకి తీసి, చెక్క గిన్నెలో వేసి, కొమ్ముతో చేసిన గరిటెతో మెదిపి, మళ్ళీ కుండలో పోయాలి. తరవాత వేయించి దంచిన పొద్దుతిరుగుడు గింజల పిండి, వేయించి దంచిన మొక్కజొన్న పిండి కలపాలి. నాలుగు పంటలు కలిసిన జావ అన్నమాట. సంతలో కొనేది ఇందులో ఒక్కటీ లేదు. నాలుగూ ఒకే చేనువి.

ఒకే చేను అన్నది చిన్న మాట కాదు. వాళ్ళకు తూర్పున హౌడెనోసౌనీ అనే ఆదివాసులున్నారు. చరిత్ర పుస్తకాల్లో ఇరోక్వా అంటారు. వాళ్ళు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి మూడింటినీ ఒకే గుట్ట మీద నాటి, వాటిని ముగ్గురు అక్కచెల్లెళ్ళు అంటారు. మొక్కజొన్న కర్రకు చిక్కుడు తీగ అల్లుకుంటుంది. చిక్కుడు వేళ్ళ బుడిపెలు నేలకు నత్రజనిని ఇస్తాయి. గుమ్మడి పెద్ద ఆకులు నేలంతా కప్పి కలుపును రానివ్వవు, తడిని పోనివ్వవు. మన పోడులో సామ, చోడి, జొన్న, కంది, అనుములు కలిపి చల్లడం, గట్టున గుమ్మడి, కాకర పెట్టడం కూడా ఇలాంటి లెక్కే. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నది కాదు. కొండ నేలను నమ్ముకున్నవాళ్ళు రెండు చోట్లా ఒకే తెలివికి వచ్చారు. అధికారులు చాలా కాలం ఈ రెండింటినీ చూసి 'పద్ధతి లేని సేద్యం' అనే రాశారు. వరసలుగా లేకపోతే వాళ్ళకు పద్ధతి కనిపించదు.

ఆ మూడు పంటలనూ ఒకసారి కావాలని తగలబెట్టారు. 1779లో, అమెరికా ఇంకా బ్రిటిషువారితో స్వాతంత్ర్య యుద్ధం చేస్తున్న రోజుల్లో, హౌడెనోసౌనీ జాతుల్లో ఎక్కువ మంది బ్రిటిషు పక్షాన ఉన్నారని జార్జి వాషింగ్టన్ వాళ్ళ మీదికి జనరల్ సల్లివాన్‌ను సైన్యంతో పంపాడు. నేల మీద ఉన్న పంటను నాశనం చెయ్యాలి, మళ్ళీ నాటకుండా చూడాలి అన్నది ఉత్తర్వులోనే ఉంది. సైన్యం సరిగ్గా పంట చేతికొచ్చే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో నడిచింది. నలభైకి పైగా ఊళ్ళు కాల్చారు. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి చేలు నరికేశారు. ఎంత పెద్ద పంటలో, ఎంత చక్కటి చేలో అని ఆ సైనికులే తమ డైరీల్లో ఆశ్చర్యపోతూ రాసుకున్నారు. ఆ చలికాలం నయాగరా కోట దగ్గర తలదాచుకున్నవాళ్ళలో ఎంతోమంది ఆకలికీ చలికీ చనిపోయారు. వాషింగ్టన్ గురించి మన పాఠ్యపుస్తకాల్లో పాఠాలుంటాయి. ఈ సంగతి వాటిలో ఉండదు.

మన కొండల్లో ఇదే పని కాగితాలతో జరిగింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అంతవరకూ పోడు కొట్టుకున్న కొండలు రిజర్వు అడవులయ్యాయి. గొడ్డలి పట్టుకుంటే జరిమానా, పశువును తోలితే జరిమానా. అంతకు మూడేళ్ళ ముందే, 1879లో, కల్లు మీద పన్ను వేసినందుకు రంప కొండలు భగ్గుమన్నాయి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు వెంట గాం గంటందొర, మల్లుదొర, ఇంకా పేర్లు రాయబడని ఎందరో గూడేల జనం చింతపల్లి పోలీసు స్టేషను మీదికి నడిచారు. అక్కడికి వాళ్ళను నడిపించినవాటిలో పోడు ఒకటి. పోడు అంటే అడవి నరకడం అని మాత్రమే చదివినవాళ్ళకు ఆ కోపం అర్థం కాదు. ఆ చేనులో ఏమేమి పండేవో, చలికాలం పొయ్యి మీద ఏముండేదో తెలిస్తే అర్థమవుతుంది. పిల్లలకు ఫితూరీ పాఠం చెప్పేటప్పుడు తుపాకుల లెక్కతో పాటు విత్తనాల లెక్క కూడా చెప్పాలని మేము అనుకుంటాము.

బఫెలో బర్డ్ ఉమన్ 1932లో చనిపోయింది. ఆమె జనం సాగుచేసిన మిస్సోరి నది ఒడ్డు నేలలు ఆ తరవాత ఎక్కువకాలం మిగల్లేదు. నదికి అడ్డంగా గ్యారిసన్ డ్యామ్ కట్టడానికి ప్రభుత్వం ఆ నేలలు తీసుకుంది. 1948లో ఆ ఒప్పందం మీద సంతకాలు జరుగుతుంటే ఆ జాతుల నాయకుడు జార్జి జిల్లెట్ చేత్తో ముఖం కప్పుకుని ఏడుస్తున్న ఫోటో ఉంది. ఇప్పటికీ ఎంతోమంది చూస్తారు దాన్ని. 1953లో నీళ్ళు నిలిచాయి. లక్షన్నర ఎకరాలకు పైగా పోయింది. ఒండ్రు నేలలో ఉన్నవాళ్ళను పైన గాలి కొట్టే మెట్ట మీదికి తోలారు. అక్కడ ఆ చేను లేదు, ఆ గాదె లేదు. పోలవరం కింద దేవీపట్నం వైపు ఖాళీ అయిన కొండరెడ్ల, కోయల గూడేల గురించి తెలిసినవాళ్ళకు మిగతాది మేము రాయనక్కర్లేదు. పునరావాస కాలనీలో ఇల్లు వరసలో ఉంటుంది, సిమెంటు గోడ ఉంటుంది. గుమ్మడి పాదు ఎగబాకడానికి కప్పూ దడీ ఉండవు.

మరి మెక్సికో కాయ మన కప్పు మీదికి ఎలా వచ్చింది? 1492లో కొలంబస్ అటు వెళ్ళాడు. 1498లో వాస్కో డ గామా ఇటు కాలికట్ చేరాడు. పోర్చుగీసువారికి అటు బ్రెజిల్, ఇటు గోవా రెండూ చిక్కాయి. మిరప, మొక్కజొన్న, బొప్పాయి, జామ, జీడిమామిడి, సీతాఫలం, టమాటా అన్నీ అమెరికా ఆదివాసుల చేతుల్లో తయారై యూరప్ ఓడలెక్కి మన తీరానికి దిగినవే. గుమ్మడీ ఆ దారినే వచ్చిందని చరిత్రకారులు చెబుతారు. మా పాడేరు ప్రాంతపు పేరున్న పంట రాజ్మా కూడా ఆ ఖండానిదే. అంటే ఇవాళ మా కొండ మీద మొక్కజొన్న, రాజ్మా, గుమ్మడి మూడూ పండుతున్నాయంటే, ఆ ముగ్గురు అక్కచెల్లెళ్ళు సముద్రం దాటి మా ఇంట్లోనే కలుసుకున్నారన్నమాట!

ఓడ తీరం దాకానే తెస్తుంది. ఘాటు ఎక్కించింది ఎవరు? ఏ పుస్తకమూ చెప్పదు, అందుకని మా ఊహ మేము చెబుతాము. ఏ సంతలోనో ఉప్పుకు చింతపండు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు ఎవరో ఒక కాయ ఎత్తుకొచ్చారు. తరవాత ఆడపిల్ల అత్తారింటికి వెళ్ళేటప్పుడు తల్లి కొంగున కట్టిన గింజల్తో పాటు ఊరు ఊరికీ పాకింది. ఇప్పటికీ మా ఇళ్ళలో మంచి గుమ్మడి విత్తనం ఎక్కడిదని అడిగితే 'మా అత్తది', 'మా అక్కది' అనే జవాబు వస్తుంది గాని 'షాపుది' అని రాదు. కొత్తగా వచ్చిన కాయను కూడా పాత పంటలాగే చూశారు. కొత్త పండుగ చేసి, పెద్దలకు పెట్టాకే ముట్టుకోవడం అనే నియమం దీనికీ అంటింది.

ఇక జావ. చాలా తేలిక, ఎనిమిదో తరగతి పిల్లలు చేసెయ్యగలరు. నలుగురికి అరకిలో గుమ్మడి ముక్క చాలు. కాయ ముదిరిందో లేదో చూడాలంటే తొడిమ చూడండి, ఎండి బిరుసెక్కాలి. తొక్క మీద గోరు దిగకూడదు. కోసేటప్పుడు తొడిమను కాయకే ఉంచి కోస్తే, నేలకు తగలకుండా అటక మీద నెలల తరబడి నిలవ ఉంటుంది.

ముక్క చెక్కు తీసి, గింజలూ పీచూ వేరు చేసి, గింజలు పక్కన పెట్టండి, పారెయ్యొద్దు. గుజ్జును చిన్న ముక్కలు తరిగి, ఒక చిన్న ముక్క పచ్చిది నాలుక మీద పెట్టుకుని చూడండి. తియ్యగానో చప్పగానో ఉండాలి. చేదుగా ఉంటే ఆ కాయ వండకండి, ఎంత పెద్దదైనా సరే. అప్పుడప్పుడు పాత అడవి చేదు తిరిగొస్తుంది. అది వాంతులూ విరోచనాలూ పట్టించే విషం, ఉడికించినా పోదు. పదివేల ఏళ్ళ కిందటి వాళ్ళు నాలుకకు రాసి చూసినట్టే మనమూ చూడాలి.

దాకలో ఒక చెంచా వలిసె నూనె కాచి, ఒక ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, బొటనవేలి కొసంత అల్లం చితక్కొట్టి వెయ్యండి. ఉల్లి మెత్తబడ్డాక గుమ్మడి ముక్కలు, చిటికెడు పసుపు, ఉప్పు వేసి కాసేపు కలియబెట్టి, నాలుగు గ్లాసుల నీళ్ళు పోసి మూత పెట్టండి. పావుగంట, ఇరవై నిమిషాల్లో ముక్క గరిటె తగిలితే విచ్చుకుంటుంది. దించి పప్పుగుత్తితో మెదపండి. మిక్సీ అక్కర్లేదు, పలుకు పలుకుగా తగిలితేనే బావుంటుంది. రెండు చెంచాల చోడి పిండిని చన్నీళ్ళలో ఉండ కట్టకుండా కలిపి అందులో పోసి, మళ్ళీ పొయ్యి మీద పెట్టి కలుపుతూ ఐదు నిమిషాలు ఉడకనివ్వండి. పిండి పచ్చివాసన పోవాలి. దించాక మిరియాలు నాలుగు దంచి చల్లండి. ఉడికించిన రాజ్మా గింజలు గుప్పెడు కలిపితే ఒక పూట కడుపు నిండుతుంది. మా ఇంట్లో కొందరు చింతపండు పిసికి పోస్తారు. అది పులుసు అవుతుంది, జావ కాదని మా అమ్మ ఒప్పుకోదు. ఈ తగాదా ప్రతి ఏడూ ఉండేదే.

ఈ జావలో చోడి తప్ప, అల్లం, పసుపు, మిరియాలు తప్ప, అసలు ముక్క దూరపు ఆదివాసులది. కంటిచూపుకు అవసరమైన ఎ విటమిన్‌ను మన శరీరం తయారుచేసుకునే పదార్థం ఆ నారింజరంగులోనే ఉంది. పోషకాహారమని పొట్లాలు పంచేవాళ్ళు ఒకసారి మన కప్పుల వైపు చూస్తే బావుణ్ణు.

ఈ వ్యాసంలో ఉన్నదంతా మేము మొదట చెప్పింది ఆ ఐదో తరగతికే, తరవాతి ఏడు, వాళ్ళు ఆరులోకి వచ్చాక. నల్లబల్ల మీద ప్రపంచ పటం గీసి, మెక్సికో నుంచి పాడేరు దాకా సుద్దతో గీత గీశాము. మిస్సోరి నది మంచె దగ్గరికొచ్చేసరికి వెనక బెంచీలో ఒకడు, మాస్టారూ, వాళ్ళు కాకుల్ని ఏమని తోలేవారు అని అడిగాడు. మాకు రాలేదు. మీరేమని తోలుతారో చెప్పరా అంటే తరగతి మొత్తం ఒక్కసారిగా కేకలేసింది. పక్క తరగతి ఉపాధ్యాయిని తలుపు దగ్గరికొచ్చి చూసి వెళ్ళింది.

పాఠం చెప్పాలనుకునే ఉపాధ్యాయులకు ఒక మాట. ఇంటి నుంచి తలా పది గింజలు తెమ్మనండి. గుమ్మడికి మగ పువ్వూ ఆడ పువ్వూ వేరు. ఆడ పువ్వు కింద చిన్న పిందె ఉంటుంది, పిల్లలే చూసి చెబుతారు. తేనెటీగ పక్క పాదు పుప్పొడి తెచ్చి కలిపేస్తే వచ్చే ఏడు కాయ మారిపోతుంది. అందుకని విత్తనానికి ఉంచే పువ్వును ముందురోజు సాయంత్రమే, విచ్చుకోకముందు, దారంతో కట్టెయ్యండి. తెల్లవారి అదే రకం మగ పువ్వును తెచ్చి చేత్తో తాకించి, మళ్ళీ కట్టెయ్యండి. ఆ కాయ తొడిమకు ఒక గుడ్డపీలిక కట్టండి, ఎవరూ కొయ్యకుండా. పూర్తిగా ముదిరాక కోసి, మరో నెల అటక మీద ఉంచి, అప్పుడు గింజలు తీసి కడిగి, నీడన ఆరబెట్టి, బూడిద కలిపి బుర్రలో పొయ్యండి. బుర్ర మీద ఎవరి ఇంటి విత్తనమో, ఆ ఇంట్లో ఎవరు దాచారో రాయించండి.

మా బడిలో రాయించినప్పుడు, మునుపు గీత కొట్టేసిన పాప తన బుర్ర మీద వాళ్ళ అవ్వ పేరు రాసింది. కింద ఇంకో వరుస కూడా ఉంది. 'జావకు మంచిది' అని.